ఐదు నిమిషాల నిశ్శబ్దం

ఐదు నిమిషాల నిశ్శబ్దం కోసం నేనొక రైతు మిరపచేనును ఎండబెట్టబోయిన కథ ఇది. ఇందులో తెలివైనవాడు ఎవడైనా కనబడితే వాడు నేను కాదని ముందే మనవి చేస్తున్నాను.

చదువు పూర్తయి ఖాళీగా ఉన్న ఒక మార్చి నెలలో రాత్రి పిట్టల సర్వేకి ఒప్పుకున్నాను. చీకటిపడ్డాక పది చోట్ల ఆగాలి. ప్రతిచోటా ఐదు నిమిషాలు చెవులు రిక్కించాలి. వినబడిన కూతను బట్టి పిట్ట జాతి, దిక్కు, దూరం రాయాలి. అంతే. ఆ మాత్రం దానికి వరుసగా నాలుగు రాత్రులు నిద్రలేక నా కళ్ళు పండుమిరపకాయలయ్యాయి.

ఏడో చోటు అద్దంకి దగ్గర సాగర్ కాలువ గట్టు మీద పడింది. అక్కడొక డీజిల్ ఇంజను చేలోకి నీళ్ళు తోడుతూ, రోడ్డు రోలరుకు కోరింతదగ్గు వచ్చినట్టు అరుస్తోంది. చుట్టుపక్కల మనిషి కనబడలేదు. ఐదు నిమిషాలే కదా అని మీట లాగి ఆపేశాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాడికి మళ్ళీ వెయ్యడం ఒక లెక్కా?

పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు. ఆ రాత్రి పిట్ట రాలేదు. కూత మాత్రం ఘనంగానే వచ్చింది.

"ఎవడ్రా ఇంజను ఆపిందీ?"

మనసులోనే రాసుకున్నాను. జాతి: రైతు. దిక్కు: తూర్పు. దూరం: తగ్గుతోంది.

చేను చివర సాళ్ళలోకి నీళ్ళకు మడవ తిప్పుతున్న ఆ చేను రైతు కోటయ్యగారు పార భుజాన వేసుకుని వచ్చారు.

"నేనేనండి. పిట్టల కూత వినాలని..."

"పిట్టలా! ఒరేయ్ అబ్బాయ్, తెల్లారుజామున నాలుగింటికి నా నీళ్ళ వంతు అయిపోద్ది. ఆఖరి కోతకి ఇదే ఆఖరి తడి. ఇది తప్పిందా, కాయంతా తాలే. సాయంత్రం దీన్ని లేపటానికి ముగ్గురం పట్టాం తెలుసా?"

"నేను లేపుతానండి. మెకానికల్ ఇంజినీర్ని."

"అట్నా? తిప్పు హ్యాండిలు."

తిప్పాను. ఇంజను ఒక తుమ్ము తుమ్మి ఊరుకుంది.

"పైపులో గాలి పట్టిందేమోనండి."

"గాలి దానికి పట్టలా, నీకు పట్టింది. తిప్పు!"

పన్నెండయింది. ఒంటిగంటయింది. వంతులేసుకుని తిప్పాం. అరచేతులు బొబ్బలెక్కాయి. అంత చక్కటి నిశ్శబ్దం ఏ సర్వేలోనూ ఎవరికీ దొరికి ఉండదు. అయినా ఒక్క పిట్టా నోరు విప్పలేదు. మా ఆయాసం విని జాలిపడ్డాయేమో.

మూడింటికి ఇంజను లేచింది. నాలుగింటికి పక్క చేను ఏసోబుగారు తన వంతుకు వచ్చారు. కోటయ్యగారి చేలో ఇంకా పది సాళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఒక్క గంట ఆగు ఏసోబూ. ఈ ఇంజినీరు దెబ్బకి పది సాళ్ళు మిగిలిపోయినై."

ఏసోబుగారు నన్ను ఎగాదిగా చూశారు. "ఆగుతాలే బాబాయ్. కానీ నా ఇంజను హ్యాండిలు కూడా ఈయనే తిప్పాల."

నా చేతుల్ని అడక్కుండానే ఒప్పేసుకున్నాను.

ఇంకా రెండు సాళ్ళు మిగిలి ఉండగా, డీజిలు చూసుకోవడానికి కోటయ్యగారు గట్టెక్కారు. సరిగ్గా అప్పుడు ఆయన టార్చి వెలుగులో ఒక పిట్ట వాలింది. నాలుగు రాత్రులుగా నేను వెతుకుతున్న పిట్ట! మట్టిరంగుది, నేల మీద కూర్చుని టక్ టక్ టక్ అని కూసేది. గొంతు ఉబ్బుతోంది, ఆడుతోంది. ఇంజను హోరులో ఒక్క ముక్క వినబడదు.

"అదేనా నీ పిట్ట? రాసుకో మరి."

"చూసింది చెల్లదండి. కూత వినబడాలి."

కోటయ్యగారు తల గోక్కున్నారు. పాపం, మంచి మనిషి.

"అయితే ఐదు నిమిషాలు ఆపమంటావా?"

రెండు చేతులతో మీటను కప్పేసి దానికి అడ్డంగా నిలబడ్డాను. ఆఖరి సాలు తడిసేదాకా కదల్లేదు. ఏడో చోటుకు ఎదురుగా 'ఏమీ వినబడలేదు' అని రాశాను. ఏసోబుగారి ఇంజను లేచేసరికి సూర్యుడూ లేచాడు.

కాబట్టి సమస్త రైతులకు, పక్షులకు ఇందుమూలంగా తెలియజేయునది: ఈ జన్మలో నడుస్తున్న ఇంజను మీద చెయ్యి వెయ్యను. భూమ్మీద మిగిలిన ఆఖరి గుడ్లగూబే పిలిచినా సరే, కాస్త గట్టిగా పిలవాలి.