గురమ్మ వంతు

పొందూరు పక్క పల్లెలో మరిడమ్మ వడికిన నూలంటే నేతగాళ్లకు ప్రాణం. వాలుగ చేప దవడతో దూది దువ్వి, వెంట్రుక కన్నా సన్నంగా దారం తీసేది. ముసలితనంలో కళ్లకు పొరలు కమ్మి రాట్నం మూలపడింది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. సర్కారు ముసలివాళ్లకిచ్చే పింఛను మంజూరైంది కాబట్టి గంజికి లోటు లేకుండా గడిచిపోతోంది.

పక్కింటి గురమ్మదీ ఒంటరి బతుకే. ఆమె అర్జీ మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. ఆ ఏడు వానలూ మొహం చాటేశాయి, కూలి పనీ లేదు. పింఛనుదార్లు బతికున్నారో లేదో చూడ్డానికొచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కూర్మనాథాన్ని మరిడమ్మే అడిగింది.

"మా గురమ్మకెప్పుడిస్తారు బాబూ?"

"ఏటేటా ముసలాళ్లు పెరుగుతున్నారు గానీ సర్కారు సొమ్ము పెరగట్లేదమ్మా. తాలూకాకి ఇన్నే అని కట్టడి. ఉన్నవాళ్లలో ఒకరు పోతేనే కొత్తవాళ్లకి. ఈ ఊళ్లో తరవాత పేరు గురమ్మదే."

అరుగు మీదున్న గురమ్మ కూడా వింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఎలాగున్నావప్పా?" అంది గురమ్మ. రోజూ అడిగే మాటే. ఆ పూట మాత్రం మరిడమ్మకు 'ఇంకా ఉన్నావా?' అన్నట్టు వినబడింది. అప్పట్నించీ దగ్గొస్తే గోడవతలికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకనాడు గురమ్మ తెచ్చిన అంబలి ముంతను పెదాల దాకా తీసుకెళ్లి దించేసింది.

"ఏటప్పా, నాను మందెట్టేస్తాననుకున్నావేటి?"

గురమ్మ ఆ ముంత అందుకుని రెండు గుక్కలు తాగింది. మూతి తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

మరిడమ్మ ఒకటి రెండుసార్లు ఆమె వాకిలి దాకా వెళ్లి, సిగ్గేసి వెనక్కొచ్చేసింది. వానలు పడ్డాక జ్వరంతో గురమ్మ పోయింది. పొయ్యి రాజుకుని ఎన్నాళ్లయిందోనని శవం దగ్గర ఎవరో అన్నారు.

పై నెల పింఛను తెచ్చిన పోస్టుమాన్ ముందు వేలిముద్ర వేస్తుంటే మరిడమ్మ మెడ మీద ఊపిరి తగిలింది.

"ఎవులది?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడతను.

ప్రతి నెలా అంతే. వెనక ఎవరో ఓపిగ్గా నిలబడి ఉన్నట్టే ఉండేది.

ఏడాది తిరిగాక కూర్మనాథం వచ్చాడు. "ఉన్నాను బాబూ," అని మరిడమ్మే ముందు చెప్పింది. "నా తరవాత ఎవులో మాత్రం నాకు సెప్పకు."

ఆయన చెప్పలేదు. అయినా వీధిలో ఏ ముసలి గొంతు "బాగున్నావా?" అని పలకరించినా, మసగ్గా కనబడే ఆ మొహం వైపు చూసి, జవాబు చెప్పకుండా తలుపేసుకునేది. పోయేదాకా అలాగే బతికింది.