చిన్నమ్మ మనసులో కొట్టిన దెబ్బ

ఆ రోజు మా అమ్మ (మేం అవ్వ అంటాం) తన చెల్లెలిని, అంటే మా చిన్నమ్మను, ఖానాపూర్ నుంచి బస్సులో కరీంనగర్‌కు తీసుకొచ్చింది. పక్షవాతంతో చిన్నమ్మ కుడిచేయి పడిపోయి అప్పటికి ఏడాది దాటింది. మెదడు పంపే సంకేతాన్ని తలకు తొడిగిన టోపీతో పట్టుకుని, దానితో చేతికున్న మోటారు గ్లవ్‌ను తెరిపించడమే నా పీహెచ్‌డీ పని. సాయంత్రంలోగా సంకేతం దొరికితేనే ఆమెను మా చికిత్సలోకి తీసుకుంటామని గైడ్ ముందే చెప్పారు.

ఫిజియోథెరపీ క్లినిక్‌లో అడిగి తీసుకున్న గదిలో టోపీ తొడిగాను. టోపీ తలకు సరిగ్గా అంటితే పచ్చబడాల్సిన చుక్కలన్నీ తెర మీద ఎరుపే. ఒక్కటి పచ్చబడితే ఒట్టు. జెల్ మళ్లీ పెట్టాను, వైర్లు మార్చాను, లాప్‌టాప్‌ను తిట్టాను. చివరికి చిన్నమ్మ నుదుటి మీద నా వేలు జర్రున జారింది.

"అవ్వా, తలకు నూనె పెట్టినవా?"

"పెట్టకుంటె ఎట్ల? తలస్నానం చేపియ్యమన్నవ్, చేపిచ్చిన. నలుగురిలకు వస్తుంటె తల కొబ్బరి పీసులెక్క ఉంటదా?"

నూనె వద్దని నేను చెప్పలేదు మరి! కోపం రాబోయి నవ్వొచ్చింది. క్లినిక్ వెనక కుళాయి దగ్గర చిన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కిరాణా షాపు షాంపూతో తల రుద్దాను. నురగంతా ఆమె కళ్లలోకి పోయింది.

"కండ్లు మండుతున్నయ్ పోరీ! జర ఆగు!"

తల ఆరాక టోపీ పెడితే చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. నేను గంతేశాను. కానీ చెయ్యి తెరుస్తున్నట్టు అనుకోమంటే గ్లవ్ కదల్లేదు.

"అనుకుంటనే ఉన్న బిడ్డా. ఎట్ల తెరుస్తరో యాదికొస్తలేదు."

నా ప్రాణం ఉసూరుమంది. అయినా ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఆమెను సతాయించాను. ఆమె ఎర్రటి కళ్లతో నావైపు చూసింది. టక్కున గ్లవ్ విచ్చుకుంది!

"ఏమనుకున్నవ్ చిన్నమ్మా?"

"నీ చెంప మీద ఒక్కటి పీకాలె అనుకున్న."

కేకపెట్టబోయి ఆగాను. కోపంతో పళ్లు కొరికినా తెర మీద సంకేతం గీతలు అలాగే ఎగిరి గ్లవ్ తెరుచుకుంటుంది. అందుకే నోరు వదులుగా తెరిచి కొట్టమన్నాను. చిన్నమ్మ నోరు వెళ్లబెట్టి, నన్ను చూస్తూ మనసులోనే కొట్టింది. గ్లవ్ తెరుచుకుంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తెరుచుకుంది! అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. గైడ్‌కు ఫోన్‌లో ఏం చెప్పానో నాకే తెలియదు. తీసుకుంటున్నామని ఆయన అన్నది మాత్రం వినపడింది.

"ఇగ నిజంగనే కొట్టు చిన్నమ్మా" అని ఆమె ముందు కూర్చుని చెంప చూపించాను. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తింది. గ్లవ్ విచ్చుకుంది. అరచెయ్యి మెత్తగా నా చెంపకు ఆనింది.

"తగిలిందా బిడ్డా?"

"గట్టిగ తగిలింది."

చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది.

"అయితె ఇంకోటియ్యనా?"