బూరెమ్మ కాలిపుండు, గురమ్మ ఘాటీ ప్రయాణం

సాలూరులో లారీతో సంబంధం లేని ఇల్లు వెతికినా దొరకదు. అలాంటి ఊళ్ళో ఉంటూ, అందులోనూ లారీ డ్రైవరు పెళ్ళామై ఉండీ, గురమ్మ ఒక్కసారి కూడా లారీ ఎక్కలేదు. హారను విని అది ఎవరి బండో చెప్పగలదు. ఇంజను చప్పుడు విని మొగుడు ఇవాళ మంచిగా ఉన్నాడో చిరాగ్గా ఉన్నాడో కూడా చెప్పగలదు. అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుట్టుకుంటూ, కొండలెక్కే ఘాటీ రోడ్డు వైపు వెళ్ళే బండ్లను చూడడమే తప్ప, ఆ రోడ్డు పైకెళ్ళి ఎటు తిరుగుతుందో ఆమెకు తెలియదు.

ఆమె మొగుడు పోతురాజుది కొండంత ఒళ్ళు, ఉరుములాంటి గొంతు. ఎదురొచ్చిన బండివాడు దారి ఇవ్వకపోతే హారను కొట్టడు, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తాడు. అంతే, దారి వచ్చేస్తుంది. అలాంటి మనిషి ఒకసారి కొండమీది సంతలో కూరకని పూరేడు పిట్టను కొన్నాడు. దారిలో సుంకి అనే ఊరి దాకా వచ్చేసరికి అది ఆయన పంచె మడతల్లో వెచ్చగా ముడుచుకుని నిద్రపోయింది. ఇంటికొచ్చి, "కూర ఒద్దులేయే గురమ్మా, పచ్చడి మెతుకులు సాలు," అన్నాడు.

పిట్ట గుండ్రంగా, గోధుమరంగులో, అప్పుడే నూనెలోంచి తీసిన బూరెలా ఉందని బూరెమ్మ అని పేరు పెట్టాడు. కిరసనాయిలు డబ్బాకు ముందువైపు తీగజాలీ బిగించి, దాన్ని అందులో పెట్టుకుని లారీలో తిప్పడం మొదలుపెట్టాడు.

గురమ్మకు ఒళ్ళు మండింది. పొరుగింటి దాలమ్మతో అనేసింది కూడా. "జయపురం సూసొచ్చినాది. కొరాపుట్టు సూసొచ్చినాది. అరసేతిలో పట్టీ పిట్టకున్న యోగం నాకు లేదు గదే!"

అది అరవై ఎనిమిదో సంవత్సరం, వానలు ముదిరిన రోజులు. ఒక మధ్యాహ్నం పోతురాజు ట్రిప్పు నుంచి వచ్చి, డబ్బాను గుండెలకు అదుముకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఏటి బావా, లోనికి రావేటి?"

"బూరెమ్మ నిలబడ్డం లేదే."

గురమ్మ పిట్టను బయటికి తీసి వెల్లకిలా తిప్పింది. ఎడమ పాదం అడుగున శనగగింజంత వాపు, దాని మధ్యలో నల్లటి పెచ్చు. వేళ్ళకు రెట్ట ఎండి రాయిలా పట్టేసింది. తాకితే వేడిగా ఉంది. రెండో పాదమూ ఎర్రబడి ఉంది. పిట్ట మీద అంతవరకూ గురమ్మకున్న కోపమంతా ఆ క్షణాన ఎటు పోయిందో పోయింది.

పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చేసరికి పోతురాజు తనకు తెలిసిన వైద్యం చేసేశాడు. బండిలో ఏది కీచుమన్నా, ఏది పట్టేసినా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే. పిట్ట కాలికి, తొడకి, పొట్ట కింది ఈకలకి దట్టంగా గ్రీజు పూసేశాడు. బూరెమ్మ తడిసిన గుడ్డపేలికలా అయిపోయి, ముక్కుతో ఆ జిడ్డును పీక్కుంటోంది.

"ఓరి బావా! అదేటి గేరుబాక్సా?" అని గురమ్మ అరిచిన అరుపుకి దాలమ్మ గోడ మీంచి తొంగి చూసింది. అంత పోతురాజూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

శనగపిండితో గ్రీజు వదిలించడానికి గురమ్మకు సాయంత్రమైంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. గొంతువాపు ఎద్దులూ, పాలివ్వని గేదెలూ వరసలో ఉన్నాయి. వాటి వెనక, బుట్టలో పిడికెడు పిట్టతో పోతురాజు. కాంపౌండరు జగన్నాధం గారు బుట్టలోకి చూసి నవ్వారు గాని, కళ్ళజోడు సర్దుకుని పాదాన్ని శ్రద్ధగా పరీక్షించారు.

"చీము ఇంకా లోపలికి దిగలేదు. మంచివేళకే తెచ్చారు," అని, ఒక కాగితప్పొట్లంలో ఊదారంగు పర్మాంగనేటు పలుకులు కొంచెం, ఇంకోదాంట్లో తెల్లటి మందుపొడీ పోసిచ్చారు. "కాచిన నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక ఒక్క పలుకు వెయ్యండి. లేత గులాబి రంగు రావాలి, అంతే. రంగు ముదిరితే పుండు మండిపోతుంది. పొద్దునా సాయంత్రమూ కాలు ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది, ఈ తెల్లపొడి చల్లండి. పెచ్చు మాత్రం పీకకండి, దానంతటదే ఊడాలి. కింద ఎప్పుడూ పొడిగా, మెత్తగా ఉండాలి."

"నానే సేస్తానండి బాబూ," అన్నాడు పోతురాజు.

కాంపౌండరు గారు అరిటిగెలల్లాంటి ఆ చేతుల వంక చూశారు, ఆకులు కుట్టి కుట్టి సన్నబడ్డ గురమ్మ వేళ్ళ వంకా చూశారు. "ఆవిడ చేస్తే మేలు," అన్నారు.

అసలు చిక్కు ఆ మర్నాడే వచ్చింది. ఘాటీ అవతలి జయపురానికి ఉప్పు బస్తాలు వెళ్ళాలి. పిట్టను ఇంట్లో వదిలి వెళ్ళమంటే పోతురాజు వెళ్ళనన్నాడు. తీసుకెళ్ళమంటే కాలు కడగడం ఆయన వల్ల కాదు. చివరికి లారీ యజమాని నరసింగరావు దగ్గరికి వెళ్ళి, నెత్తి గోక్కుంటూ సంగతంతా చెప్పాడు.

నరసింగరావు సగం విని చెయ్యి ఊపేశాడు. "పిట్టనెక్కించుకుంటావో, పెళ్ళాన్నెక్కించుకుంటావో నాకెందుకురా? ఉప్పు తడవకూడదు, అంతే!"

గురమ్మ పెట్టెలోంచి పొందూరు చీర తీసి కట్టుకుంది. క్లీనరు సోములు, పోతురాజు కంటే పెద్దవాడు, తన సీటు పోయినందుకు గొణుక్కుంటూ బస్తాల మీది టార్పాలిను కిందికి చేరాడు. గురమ్మ ఒడిలో వెదురుబుట్ట. బుట్టలో ఎండు ఇసుక, దాని మీద పాత పంచెగుడ్డ, గుడ్డ మీద బూరెమ్మ.

బండి కొండ ఎక్కడం మొదలుపెట్టగానే గురమ్మ కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఒక మలుపులో లోయ, ఇంకో మలుపులో మబ్బు. చెట్ల మీదికి పాకిన తీగలకు ఆకులు రెండేసి రెక్కలుగా వేలాడుతున్నాయి. "బావా, అడ్డాకు! ఇదేనేటి అడ్డాకు తీగ!" అని చిన్నపిల్లలా అరిచింది. ఇన్నేళ్ళూ కట్టలుగా, వాడిపోయి తన అరుగు మీదికొచ్చిన ఆకును చెట్టు మీద చూడడం ఆమెకదే మొదలు.

ఆ సంబరంలో చెప్పులు విడిచి కాళ్ళు కింద ఆనించి, "అమ్మో!" అని పైకి లాక్కుంది. ఇంజను వేడికి అడుగున రేకు పెనంలా కాలుతోంది.

"బావా, దాని డబ్బా ఎక్కడ పెడతావు?"

"అక్కడే. నీ కాళ్ళున్న సోటే."

గురమ్మ వంగి ఆ రేకును వేలితో తాకి చూసింది. తర్వాత, "నీ కాలు తీసి ఇక్కడ పెట్టి సూడు," అంది.

ఎత్తు మీద బండి ఆపి, చెప్పు విడిచి, పోతురాజు పాదం పెట్టాడు. పెట్టి తీసేశాడు. కింద కాలే రేకు, దాని మీద కిరసనాయిలు డబ్బా, దాంట్లో తడిరెట్ట. ఆయన ముఖం వాడిపోయింది. "సల్లగాలి తగలకూడదని కిందెట్టినాను గదే. ఎచ్చగా ఉంటాదనుకున్నాను," అన్నాడు. గురమ్మకు తిట్టబుద్ధి కాలేదు. "తెలిసింది గదా, ఇంక బండి తియ్యి," అంది.

సుంకిలో టీకొట్టు ముందు ఆగి వేడినీళ్ళు అడిగితే, కొట్టతను "కొణొ హేలా?" అన్నాడు ఒరియాలో, ఏమైందని. పోతురాజు చూపించాడు. ఇంకేముంది, అక్కడ ఆగిన డ్రైవర్లందరూ చుట్టూ మూగారు. సన్నగా జల్లు పడుతుంటే ఒకడు గొడుగు పట్టాడు, ఒకడు గిన్నె పట్టుకున్నాడు. వేపనూనె మంచిదని ఒకడూ, పసుపు మంచిదని ఒకడూ వాదులాడుకున్నారు. వేలు కోసి పారేస్తే పీడా పోతుందన్నవాడు పోతురాజు చూసిన చూపుకి టీ సగంలో వదిలేసి బండెక్కాడు. గురమ్మ ఇవేవీ పట్టించుకోకుండా, నీటి రంగు చూసుకుంటూ, పిట్ట కాలు రెండువేళ్ళతో పట్టి ముంచింది.

జయపురంలో ఉప్పు దిగింది, పొడిగానే. తిరుగు ప్రయాణానికి సరుకు దొరక్క కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయారు. రాజుగారి కోట చూశారు, సంత చూశారు, వేళ తప్పకుండా కాలు కడిగారు. ఘాటీ దిగివచ్చే రోజున పెచ్చు ఊడి గుడ్డ మీద పడింది. కింద లేత చర్మం. ఒక గోరు పోయి మళ్ళీ రాలేదు గాని, బూరెమ్మ రెండు కాళ్ళ మీదా నిలబడి, గురమ్మ అరచేతిలో నూకలు టకటకా ఏరుకుంది.

ఆ సంగతి ఘాటీ పొడుగునా పాకింది. కాలు వాచిన కోడినో, పావురాన్నో పట్టుకుని ఎవరో ఒకరు గురమ్మ అరుగు దగ్గరికి వచ్చేవారు. "కాంపౌండరు గారినడగండి, నాకేటి తెల్దు," అంటూనే ఆమె నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. ఒకసారి బొబ్బిలి డ్రైవరొకడు తెచ్చిన పందెం పుంజు, గిన్నెను ఒక్క తన్ను తన్ని నీళ్ళన్నీ పోతురాజు కొత్త బనీను మీద ఒలకబోసింది. గులాబి రంగు ఆరి గోధుమరంగు మచ్చలై నిలిచిపోయాయి. ఎంత ఉతికినా పోలేదు. ఆ బనీను వేసుకునే ఆయన ఘాటీ ఎక్కేవాడు. అదేమని ఎవరైనా అడిగితే, "మా ఇంటిది పెట్టిన ఆసుపత్రి ముద్ర," అని కిటికీలోంచి కేకేసి చెప్పేవాడు.