నాగరత్నం ఇంటి వీధిపోటు

నాంపల్లిలో రామచంద్రమూర్తిగారి మాట విని ఇల్లు కొన్నవారు ఇద్దరు. విని, కొనడం మానుకున్నవారు పదిహేడుగురు. ఈ లెక్క ఆయనది కాదు, ఇళ్ల ఏజెంటు బాలకిషన్‌ది. ఆ పదిహేడు బేరాల మీద తనకు రాకుండా పోయిన కమీషన్ ఎంతో బాలకిషన్ తడుముకోకుండా చెప్పగలడు, మూర్తిగారు విష్ణునామాలు చెప్పినంత ధారాళంగా.

మూర్తిగారు వాస్తుసిద్ధాంతి కారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీవిరమణ చేసిన గృహస్థు. తండ్రి యాభై ఆరులో కృష్ణా తీరం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి నాంపల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. కొడుకు ఆ వాటాలోనే పుట్టి, అక్కడే పెళ్లిపీటల మీద కూర్చుని, అక్కడే తల పండించుకున్నాడు. మూడు పూటలా సంధ్య వార్చే నిష్ఠ, శాస్త్రగ్రంథాల పరిచయం, లాల్చీ జేబులో ఒక చిన్న దిక్సూచి ఉన్న మనిషిని లోకం ఊరికే ఉండనివ్వదు. ఇల్లు చూడటానికి వెళ్లే ప్రతివాడూ ఆయనను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆయన పైసా పుచ్చుకునేవారు కాదు. పైసా పుచ్చుకోని సలహాకు గౌరవం ఎక్కువ. అది తప్పని తేలినా తిరిగి అడగడానికి ఏమీ ఉండదు.

ఇందరి ఇళ్లలో దోషాలు కనిపెట్టిన ఆయనకు సొంత ఇల్లు మాత్రం అమరలేదు. దోషం లేని ఇల్లు ఈశ్వరసృష్టిలో ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్లూ అద్దె కట్టారు.

ఈ సంవత్సరం ఆ సౌకర్యమూ పోయింది. ఇంటి యజమాని వారసులు స్థలాన్ని బిల్డరుకు ఇచ్చేసి, శ్రావణంలోగా ఖాళీ చేయమన్నారు. మూర్తిగారి భార్య వసుమతమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లు ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మూర్తిగారు విరమణ సొమ్మంతా కూడదీస్తే అరవై ఆరు లక్షలు తేలింది. బాలకిషన్‌కు కబురు వెళ్లింది.

"పద్దెనిమిదోది మీదే అయితది సార్," అని నవ్వుతూ వచ్చాడు బాలకిషన్. "నా దగ్గర రెండున్నయ్. రెండూ జూపిస్త. కానీ దిక్సూచి ఇంట్ల పెట్టి రాండ్రి."

దిక్సూచి వెంట వచ్చింది.

మొదటిది ఆబిడ్స్‌లో, పెద్ద తపాలా కార్యాలయం వెనక సందులో, నాలుగో అంతస్తు ఫ్లాటు. తూర్పు ద్వారం, ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో దేవుడి గది. గ్రంథంలోని పటం లేచివచ్చి గోడలు కట్టుకున్నట్టుంది. లిఫ్టు ఉందా అంటే ఉంది. మూడేళ్లుగా రెండో అంతస్తులో ఉంది. వసుమతమ్మ కూడా అక్కడిదాకానే ఎక్కి, దాని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఎలా ఉందండీ ఇల్లు?" అంది, దిగివచ్చిన భర్తతో.

"సర్వలక్షణ సంపన్నం!"

"అయితే మీరు కాపురం ఉండండి. నేను ఇక్కడ లిఫ్టుకు తోడుంటాను."

రెండో ఇల్లు నాంపల్లిలోనే, స్టేషనుకు వెళ్లే దారిలో ఒక సందు చివర. ఒకే అంతస్తు. ముందు రెండు గదులు, నడుమ చిన్న వాకిలి, వెనక రెండు గదులు. మెట్టు అన్నది లేదు, ఒక్క గడప తప్ప. యజమానురాలు నాగరత్నం జాకెట్లు కుట్టుకుని బతికే వితంతువు. ధర డెబ్భై లక్షలు. ఆ చోట అన్ని గజాలకు తొంభై పలకాలి. తగ్గడానికి కారణం వీధిపోటు: ఎదుటి సందు తిన్నగా వచ్చి ఇంటిని గుద్దుతున్నది, అదీ ఆగ్నేయం నుంచి. ఈ సంగతి నాంపల్లి అంతటికీ తెలుసు.

తెలియజేసింది మూర్తిగారే. తొమ్మిదేళ్ల కిందట నాగరత్నం భర్త డబ్బు అవసరపడి ఇల్లు అమ్మజూపితే, ఆఫీసు సహోద్యోగి శ్రీహరి దానికి బయానా ఇవ్వబోతూ, ముందు ఈయనను తీసుకువెళ్లాడు. మూర్తిగారు గుమ్మం పక్కన ఉన్న కుట్టుమిషను బల్ల మీద దిక్సూచి పెట్టి, కళ్లు మూసి తెరిచి, "ఆగ్నేయపు పోటు. ఈ ఇంట్లో మనిషి నిలవడు" అన్నారు. శ్రీహరి బయానా సొమ్ము సంచిలోనే తిరిగి ఇంటికి వెళ్లింది. ఆ వాక్యం మాత్రం వీధిలోనే ఉండిపోయింది.

"ఆ ఇల్లు నేను కొనడమా?" అన్నారు మూర్తిగారు. మొజంజాహీ మార్కెట్ దగ్గర చాయ్ దుకాణంలో కూర్చుని ఉన్నారు ఆయనా, బాలకిషనూ.

"జర సోంచాయించున్రి సార్. దోషం జెప్పిన పంతులుగారే అరవై ఐదిస్తనంటుండు అంటె, ఆమె ఇంకేం మాట్లాడ్తది? ఇంకోడు రాడు గద. రాకుంట జేసింది మీరేనాయె."

మూర్తిగారు ఆ రాత్రి గ్రంథాలు తిరగవేశారు. వీధిపోటుకు శాంతులు ఉన్నాయి: ఎదురుగా విఘ్నేశ్వరుణ్ణి నిలపవచ్చు, నవగ్రహ హోమం చేయవచ్చు. ఈ శాంతులు పదిహేడుగురిలో ఒక్కరికీ చెప్పాలని ఆయనకు తోచకపోవడం విచిత్రమే. పరుల దోషాలకు శాస్త్రంలో నిషేధాధ్యాయం, మన దోషాలకు పరిహారాధ్యాయం తెరుచుకుంటాయి.

పొద్దెక్కితే గిరాకీలు వస్తారని నాగరత్నం ఉదయాన్నే రమ్మంది. జ్యేష్ఠమాసం. అర్ఘ్యం ఇచ్చి, మూర్తిగారు భార్యతో, బాలకిషన్‌తో వెళ్లేసరికి ఆమె గుమ్మం పక్కన మిషను ముందే ఉంది. సందులోంచి వచ్చిన ఎండ తిన్నగా ఆమె చేతుల మీద పడుతున్నది.

"ఎండలో కుడుతున్నావేమమ్మా?" అంది వసుమతమ్మ.

"ఈ నెలల్ల గింతేనమ్మా. సూర్యుడు గా సందు మొదట్ల పుట్టి సీదా నా మిషన్ మీదికొస్తడు. చలికాలంల అయితె గా గోడ దిక్కు పోతడు. గా దినం గూడ జెప్పిన పంతులుగారికి. సూర్యుడు మారుతుంటడు, సూది మారదన్నరు."

వసుమతమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఉత్తరాయణపు చివరి రోజుల్లో సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా, అంటే ఈశాన్యం వైపు ఉదయిస్తాడు. ఈ విషయం మూర్తిగారికి ఒకరు చెప్పవలసినది కాదు. గంట కిందట ఆ సూర్యుడికే మూడు దోసిళ్ల నీళ్లు వదిలి వచ్చారు. ఆ సూర్యుడు ఈ సందులోంచి తిన్నగా వస్తుంటే, ఈ సందు ఆగ్నేయం ఎలా అవుతుంది?

ఆయన గబగబా దిక్సూచి తీసి, తొమ్మిదేళ్ల కిందట పెట్టిన చోటే మిషను బల్ల మీద పెట్టారు. ఆగ్నేయమే చూపింది. ప్రాణం కుదుటపడింది.

అప్పుడు నాగరత్నం చెయ్యి తగిలి సూదుల డబ్బా కింద పడింది. "అయ్యో!" అంటూ ఆమె బల్ల కిందున్న సొరుగు లాగి, నల్లటి బిళ్లలాంటి రాయి తీసి, నేల మీద తిప్పింది. సూదులన్నీ ఎగిరివచ్చి దానికి అంటుకున్నాయి. బల్ల మీది దిక్సూచిలో ముల్లు కూడా, ఆ రాయి ఎటు పోతే అటు, విధేయంగా తల తిప్పింది.

"ఈ రాయి... ఎన్నాళ్లుగా ఉందమ్మా?" అన్నారు మూర్తిగారు.

"మా ఆయన రేడియోలు బాగుచేస్తుండె గద. పెండ్లయిన కొత్తల స్పీకర్ల నుంచి తీసిచ్చిండు. ఎన్నడూ గీ సొరుగుల్నే ఉంటది."

మూర్తిగారు దిక్సూచి పట్టుకుని, మిషనుకు దూరంగా వీధిలోకి వెళ్లి, రాతి అరుగు మీద పెట్టారు. తూర్పు ఈశాన్యం. అన్ని పోట్లలోకీ శుభమైన పోటు. ఐశ్వర్యం నడిచివచ్చే దారి అని తాను ఎందరికో వర్ణించి చెప్పినది. ఆయన దాన్ని మెల్లగా జేబులో వేసుకున్నారు. బాలకిషన్ చూశాడు. ముప్పై ఏళ్లు దిక్సూచి ముళ్ల చుట్టూ తిరిగినవాడు, చెప్పకుండానే అర్థమైంది.

సందు దాటగానే చెయ్యి పట్టుకున్నాడు. "సార్, దండం బెడ్త. రిజిస్ట్రీ అయ్యేదాక నోరు తెరవకున్రి. ఇయ్యాల జెప్పిన్రనుకోండ్రి, రేపు పొద్దటికి తొంభై. మీ దగ్గర ఉన్నది అరవై ఆరు. రిజిస్ట్రీ అయినంక మైకు వెట్టి జెప్పుకోండ్రి."

నాగరత్నం అరవై ఐదుకు ఒప్పుకుంది. మూడు రోజుల తరువాత బయానా. ఆ మూడు రోజులూ మూర్తిగారు మౌనం గురించి శాస్త్రం ఏమంటున్నదో వెదికారు. మౌనం ఉత్తమ వ్రతమని చాలాచోట్ల ఉంది. ఏ మౌనం ఎంత ధరకు అన్నది మాత్రం ఎక్కడా లేదు.

వసుమతమ్మ విస్తట్లో మజ్జిగ పోస్తూ అంది: "ఆ వేళ శ్రీహరిగారికి చెప్పడానికి మీకు అరనిమిషం పట్టింది. ఈవిడకు చెప్పడానికి మూడు రోజులుగా పుస్తకాలు సరిపోవడం లేదు."

"ఇల్లు చేజారిపోతుంది, వసుమతీ. నీ మోకాళ్లు..."

"నా మోకాళ్లను అడ్డం పెట్టుకోకండి. అవి ఇప్పటికే అరిగిపోయాయి."

బయానా నాడు ఐదు లక్షల చెక్కు, తాంబూలం, పండ్లు ఒక పళ్లెంలో అమర్చుకుని వెళ్లారు. నాగరత్నం చాప పరిచింది. బాలకిషన్ చాయ్ తెప్పించాడు. మూర్తిగారు పళ్లెం ముందుకు జరపబోయి, ఆగిపోయారు.

"అమ్మా, తొమ్మిదేళ్ల కిందట నేను చెప్పింది తప్పు. నీ ఇంటికి ఆగ్నేయపు పోటు లేదు. నా ముల్లును నీ సొరుగులో రాయి లాగింది. నువ్వు సూర్యుణ్ణి సాక్ష్యం చూపిస్తే నేను వినలేదు. నీది ఈశాన్యపు పోటు, లక్ష్మి నడిచివచ్చే దారి. ఈ సందుల్లో ఇంత మంచి ఇల్లు మరొకటి లేదు. అరవై ఐదుకు ఇవ్వవలసిన ఇల్లు కాదు."

బాలకిషన్ గాజుగ్లాసు నోటి దాకా వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

నాగరత్నం గడప వైపు తిరిగింది. అటే చూస్తూ అంది: "మీరు జెప్పిన యేడాదికే ఆయన గుండె ఆగి పోయిండు. ఈ ఇంట్ల మనిషి నిలవడంటిరి గద... ఇల్లే తిన్నదనుకున్న. ఎనిమిదేండ్ల సంది గీ గడప దాటినప్పుడల్ల దాన్ని తిట్టుకుంటనే దాటిన. అయితె గీ ఇల్లు మా ఆయన్ని ఏమనలే?"

"ఏమీ అనలేదమ్మా." అన్నారు మూర్తిగారు. "అన్నది నేను."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లేచి, గడప దగ్గరకు వెళ్లి, దాన్ని చేత్తో తడిమింది. తిరిగి వచ్చినప్పుడు ముఖంలో కొత్త అనుమానం ఒకటి మెరుస్తున్నది.

"పంతులుగారూ, గంత మంచి ఇల్లే?"

"ఉత్తమోత్తమం."

"మరి నేనెందుకు అమ్మాలె?"

బాలకిషన్ గ్లాసు కింద పెట్టేశాడు. "అక్కా, గట్లంటవేంది! బయానా పళ్లెం ముంగటున్నది!"

"దోషమున్నదనే గద ఇడిసిపెట్టి పోతున్న. కాచిగూడల చెల్లె ఇంట్ల ఒక మూలకు పడుందామనుకున్న. దోషం లేదాయె, మా ఆయన తిరిగిన ఇల్లు, లచ్చిందేవి నడిచొచ్చే తొవ్వ. ఎందుకు పోవాలె?"

వాదనలో ఎక్కడా లోపం లేదు. మూర్తిగారు ఎన్నో సభలలో తర్కం విన్నారు గాని, ఇంత నిర్దుష్టమైనది వినలేదు. ముందుగా నవ్వింది వసుమతమ్మ. నవ్వి నవ్వి, మోకాలు పట్టుకుని, "అడగవలసిన మాటే అడిగావమ్మా" అంది.

నాగరత్నం ఆమె వైపు చూసింది. "నువ్వు మెట్లెక్కలేవు గద అమ్మా. వెనక రెండు గదులు ఖాళీగనే ఉన్నయ్. కిరాయికుండున్రి. కానీ పంతులుగారూ, ఒక్క షరతు. ఎవలన్న అడిగితె, మీ నోటితోనే జెప్పాలె. గా మాట మీదే గద."

శ్రావణం రాకముందే మారిపోయారు. మూర్తిగారు జీవితంలో మొదటిసారి, నిర్దుష్టమైన ఇంట్లో, అద్దెకు దిగారు. జాకెట్ల కొలతలకు వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగి, "ఇది గా పోటు ఇల్లు గదనే?" అన్నప్పుడల్లా నాగరత్నం మిషను ఆపకుండానే, "పంతులుగారూ!" అని కేక పెడుతుంది. ఆయన పూజలో ఉన్నా, పారాయణలో ఉన్నా వాకిలి దాటి ముందుకు వస్తారు. సొరుగు తెరిచి, రాయి చూపి, తాను ఎక్కడ ఎలా పొరబడ్డారో మొదటినుంచీ చెబుతారు. రోజుకు రెండు మూడుసార్లయినా తప్పదు. ఒకసారి శ్రీహరి కూడా వచ్చి, పూర్తిగా విని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

బాలకిషన్‌కు ఒక నెల అద్దె కమీషనుగా దక్కింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "దోషమున్నదని జెప్పి చెడగొట్టినయి పదిహేడు సార్. లేదని జెప్పి చెడగొట్టింది గిదొక్కటే."

"మిగిలిన పదహారూ ఎక్కడెక్కడో చెప్పు," అన్నారు మూర్తిగారు, చెప్పులు తొడుక్కుంటూ. "మళ్లీ చూడాలి. పొద్దున పూట వెళదాం."