ఎవ్వరూ తొడగని చొక్కా

నిన్న కోకాపేట టవర్ల కింద నా ఇస్త్రీ బండి మీదికి నేవీ తెల్ల చొక్కా ఒకటి వచ్చింది. వేడికి గంజి వాసన లేవగానే మూసాపేటలో నా చిన్నప్పటి అనుమానం గుర్తుకొచ్చింది.

అక్కడ మా అమ్మ ఒకరింటి బట్టలు ఉతికేది. ఆ ఇంటామె భర్త నేవీలో విమానం నడిపేవాడు. యుద్ధంలో విమానంతో సహా సముద్రంలో పడ్డాడని, శవం కూడా దొరకలేదని అందరూ చెప్పేవారు. అయినా వారం వారం ఆయన తెల్ల చొక్కా మూటలో వచ్చేది. తొడిగే మనిషి లేనిదే చొక్కా ఎందుకు మాస్తుంది? ఆయన్ని లోపలి గదిలో దాచిపెట్టారని నా నమ్మకం. ఒకరోజు కాలర్ వాసన చూశాను. చెమట లేదు, సబ్బు వాసనే.

వెళ్ళి ఆమెనే అడిగాను. "ఎవ్వరు తొడగని చొక్కా ఉతకనీకి ఎందుకేస్తున్నవమ్మా?"

మరుసటి వారం మూటలో చొక్కా లేదు.

సంగతి తెలిసి అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. తనే వెళ్ళి వాళ్ళ గడప దగ్గర నిలబడింది.

"చొక్కా ఇయ్యమ్మా. రేపు సారొస్తే మాసింది తొడుగుతడా?"

ఆయన తిరిగొస్తాడనే వాళ్ళ అబద్ధంలో అమ్మ కూడా కలిసిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. తర్వాత నా మొగుడు పోయాడు. శవాన్ని కళ్ళారా చూశాను. అయినా సాయంత్రం మా ఆయన స్కూటర్ లాంటి చప్పుడైతే ఇప్పటికీ తలెత్తుతాను.