అమ్మ చూసిన ఓడ ఎపిసోడ్

మా అమ్మ ఆ రాజకీయ సీరియల్ చూసేది చీరల కోసం. హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ చేసిన సీరియల్ అది. ఒక మహిళా ప్రధాని, ఆమె మంత్రులు, వాళ్ల ఎత్తులు, పైఎత్తులు. ప్రధాని తెర మీదికి రాగానే అమ్మ మగ్గం మీద చెయ్యి ఆపకుండానే తేల్చేసేది: "గది మిషన్ చీర. అంచు సూడు, అతికిచ్చినట్టుంది."

"దేశాన్ని సూడమంటే కొంగును సూస్తది" అనేవాడు నాయిన.

గద్వాలలో మా ఇంట్లో మగ్గం ముందుగదిలోనే ఉంది. టీవీ దానికి ఎదురుగా గూట్లో. మేం నేసే కుప్పడం చీరకు ఒక్కరు చాలరు. నాయిన మగ్గం గుంటలో కూర్చొని, పోగును అటూ ఇటూ మోసే నాడెను చీర నడుమ విసురుతాడు. అమ్మ ఆయన పక్కన కూర్చొని అంచు నాడె తిప్పుతుంది. నడిమి నూలుపోగు, అంచు పట్టుపోగు ప్రతి వరసలోనూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ లంకె వేసేది అమ్మ. అది తప్పితే చీరకూ అంచుకూ మధ్య సందు పడుతుంది.

మా అన్న నౌకాదళంలో, ఓడ మీద కరెంటు పని చూస్తాడు. పోయినసారి సెలవు అయిపోయి వెళ్తూ, కొన్నాళ్లు ఫోన్ కలవదన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. ఎటు పోతున్నారో అసలే చెప్పలేదు. ఫోన్ రాని రోజులు మేం ఊహించుకున్న దానికన్నా ఎక్కువే అయ్యాయి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

నేను డిప్లొమా చేసి ధరూర్ వైపు ఒక పంపుహౌసులో పని చేస్తాను. ఒకరోజు మధ్యాహ్నం సెలవు, ఇంట్లోనే ఉన్నాను. సీరియల్లో ఆ రోజు కథ సముద్రం మీదికి పోయింది. ఇరుకైన జలసంధిలో మన యుద్ధనౌకను వేరే దేశం ఓడలు చుట్టుముట్టాయి. కాసేపటికి ఓడ నుంచి మాట రావడం ఆగిపోయింది. ఢిల్లీలో పెద్ద బల్ల చుట్టూ మంత్రులు కూర్చున్నారు. పార్లమెంటులో ఓటింగ్ అయ్యేదాకా ఓడలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఏ సంగతీ తెలియనివ్వొద్దని ఒక మంత్రి అన్నాడు.

అమ్మ ప్రధాని చీర గురించి ఏమీ అనలేదు. నేను ముందు గమనించింది అదే.

ఏదైనా ఒకటి, రెండు అని లెక్కపెట్టి చెప్పడం నాకు అలవాటు, అదే మొదలుపెట్టాను. "అమ్మా, ఒకటి, నడిసముద్రంల టవర్ ఉండదు. రెండు, ఓడ యాడున్నదో ఎవరికి తెల్వొద్దని వాళ్లే ఫోన్లు బంద్ చేపిస్తరు. మూడు, ఈ సీరియల్ల ఓడల అన్ని మిషన్లు ఆగినయంటుండ్రు, లైట్లేమో ఒక్కటి ఆరలే. గట్లుండదు."

"నేనేం అడగలే గదరా" అంది.

మళ్లీ తనే అడిగింది. "గాయన అన్నడు సూడు, ఇంటోళ్లకు చెప్పొద్దని. నిజంగ గట్ల చేస్తరా?"

నాలుగోది చెప్పబోయి వేలు మడిచాను.

అప్పుడే నాయిన చెయ్యి ఆగింది. అంచు వెంబడి వేలు జరిపాడు. ఒకచోట సందులోంచి వెలుతురు కనిపిస్తోంది. "లంకె లేదు" అన్నాడు. గుంటలోంచి లేచి, టీవీ బంద్ చేసి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ నేసినదాన్ని వరస వెనక వరస విప్పడం మొదలుపెట్టారు. పట్టుపోగు నలిగితే మెరుపు పోతుంది, అందుకని మెల్లగా.

"ఓడ ఏమైందో సూడనియ్యకపోతివి" అంది అమ్మ.

"ఏమైతది. సముద్రంల మునిగినా సాయంత్రానికి మొఖం రంగు కడుక్కొని ఇంటికి పోతరు వాళ్లంత."

అమ్మ నవ్వలేదు. నాయిన కూడా నవ్వడానికి అన్నట్టు లేదు.

తర్వాతి వారంలో అన్న ఫోన్ వచ్చింది, నా ఫోనుకే. నేను స్పీకర్ పెట్టి అమ్మకిచ్చాను. అమ్మ తిన్నావా అని కూడా అడగలేదు. "ఏమన్న అయితే మాకు చెప్తరా, దాస్తరా?" అంది.

అన్న నవ్వాడు. "ఆ సీరియల్ సూసినవా ఏంది? ఒడ్డుకొచ్చినంక మేం గూడ సూసినం. ఆ కెప్టెన్ టోపీ పెట్టుకున్న తీరుకు అందరు పడి పడి నవ్విన్రు."

"అడిగిందానికి చెప్పు."

అన్న నవ్వు ఆపాడు. "చెప్తరమ్మా. టీవీల రాకముందే ఫోన్ చేస్తరు."

"ఎవరికి?"

"తమ్మునికి. వాని నెంబరిచ్చిన. మగ్గం చప్పుడుల మీ ఫోన్లు మీకు ఇనపడవు గద."

అమ్మ తలెత్తి నన్ను చూసింది. కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఆ తర్వాత తిన్నావా అని అన్నను అడిగింది.

అన్న మళ్లీ సముద్రం మీదికి పోయాడు. ఇప్పుడు ఇంట్లో నా ఫోన్ మోగితే మగ్గం ఆగిపోతుంది. అమ్మ చేతిలో అంచు నాడె అట్లాగే ఉంటుంది. అందుకే ఫోన్ ఎత్తకముందే తెర మీది పేరు పైకి చదువుతాను. "గ్యాస్ బండాయన." మగ్గం మళ్లీ కదులుతుంది. తెలియని నెంబరైతే వాళ్లకెదురుగా నిలబడే ఎత్తి, అవతల వాళ్ల మొదటి మాటను పైకి అప్పజెప్తాను.

పంపుహౌసులో మోటార్ల మోత మా మగ్గం చప్పుడు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ సంగతి అన్నకు తట్టలేదు. నేను అమ్మకు చెప్పలేదు. మోటార్లు నడుస్తున్నంతసేపు ఫోన్‌ను మోగితే అదురు తెలిసేలా ఎడమ చేతిలోనే పట్టుకొని, కుడి చేత్తో పని చేసుకుంటున్నాను.