ఈరన్న పూసిన జాజు

గొర్రెలు కాసే కురుబ పెద్ద ఈరన్నకు అక్షరం ముక్క రాదు. గొర్రె ఎదకు వచ్చిందో లేదో మాత్రం తోక ఊపే తీరు చూసి చెప్పేస్తాడు. ఆదోని పక్క పల్లెలో ఉన్న మందను కరువుకు పోగొట్టుకుని, అరవై దగ్గర పడ్డాక వేంపల్లె దాపున గొర్రెల పరిశోధన క్షేత్రంలో కాపరిగా కుదిరాడు. పుట్టి బుద్ధెరిగాక అతని మాటను ఒకరు కాగితం మీద పెట్టింది అక్కడే. ఆ గర్వానికి పట్టపగ్గాలు లేవు.

పెట్టింది డాక్టర్ శివజ్యోతి. గొర్రె అండాశయంలో హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు ఎద రోజున ఎన్ని పనిచేస్తాయి, అయిదో రోజు ఎన్ని, పన్నెండో రోజు ఎన్ని అన్నది ఆమె పరిశోధన. అదేమిటని ఈరన్న అడిగితే, హార్మోను ఎంత పిలిచినా వినే చెవి లేకపోతే పని జరగదు, ఆ చెవులను లెక్కపెడుతున్నానని చెప్పింది. అందుకు ఎద నుంచి రోజులు లెక్కగట్టి గొర్రెను కోయాలి. కోత ఈరన్నకు మింగుడుపడేది కాదు. చదువుకు పనికొస్తోంది కదా అని మనసుకు సర్దిచెప్పుకునేవాడు.

ఎద పట్టే పని అతనిది. పొట్టేలు రొమ్ముకు జాజు, అదే ఎర్రమన్ను, మెత్తి, కడుపు కింద గోనెపట్టా తాళ్లతో కట్టి మందలోకి వదులుతాడు. ఎదలో ఉన్న గొర్రెను అది ఎక్కితే నడుము మీద ఎర్రగా అంటుకుంటుంది. పట్టా అడ్డం కాబట్టి చూలు నిలవదు. పదిహేడు రోజులకు మళ్లీ ఎద; కోతకు రోజుల లెక్క ఆ రెండో ఎద నుంచే. ఈరన్న ఆ గుర్తు చూసి చెబితే డాక్టరమ్మ రాసుకుంటుంది.

ఈరన్న ఇంట అమావాస్య నాడు పొట్టేలుకు తాడు కట్టరు. కులదేవుడు బీరప్పకు కోపమొస్తుందని తాతల నాటి పట్టింపు. క్షేత్రంలో ఏడు అమావాస్యలు దాన్ని దిగమింగాడు. ఎనిమిదో అమావాస్యకు ఉండబట్టలేక పొట్టేలును వేరే దొడ్లోకి తోలి పట్టా విప్పాడు. బీడీ వెలిగించుకునేలోపే అది కంచె దూకింది. నల్లమూతి గొర్రె నడుము ఎర్రబడింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, ఎప్పటిలా ఎద అని మాత్రం చెప్పాడు.

పదిహేడో రోజు పొట్టేలు నల్లమూతి వైపు చూడనైనా లేదు. చూలు నిలిచిందని ఈరన్నకు తెలిసిపోయింది. చెబితే పట్టా విప్పిన సంగతి బయటపడుతుంది. ఈరన్న చెప్పాడంటే మళ్లీ చూడక్కర్లేదని నలుగురిలో అన్న డాక్టరమ్మకు ముఖం ఎలా చూపించాలి? ఆ సిగ్గుతో వేళ్లకు జాజు అద్దుకుని గొర్రె నడుముకు తానే పూశాడు. ఎదకు వచ్చిందన్నాడు. ఆమె రాసుకుంది. తర్వాత రోజూ చెప్పేద్దామని గది దాకా పోయి, నీళ్ల తొట్టి సంగతో మేత సంగతో మాట్లాడి వచ్చేవాడు.

పన్నెండో రోజు నల్లమూతిని కోశారు. గర్భసంచిలో బొటనవేలి గోరంత పిల్ల. కురుబ పుట్టుక పుట్టి సూడి గొర్రెను కత్తికి అప్పగించాడు. ఎంత కరువులోనూ వాళ్ల ఇంట ఆ పాపం ఎవరూ చేయలేదు. శివజ్యోతి తిట్టినా బాగుండేది. ముందే స్కానింగ్ చేయించి ఉండాల్సింది, తప్పు నాదేనని ఆమె తలపట్టుకుంది. అది విని ఈరన్న ఇక ఓర్చుకోలేకపోయాడు.

"నీ తప్పు కాదమ్మా. అమావాస్య నాడు పట్టా నేనే ఇప్పినా. ఎద గుర్తు పొట్టేలుది కాదు, నా చేత్తో పూసినా."

చెబితే బరువు దిగుతుందనుకున్నాడు. పనిలోంచి తీసేస్తే పోతాను, అంతే కదా అనుకున్నాడు. ఆమె పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచింది.

"ఇంకా ఎన్నిటికి పూసినావు ఈరన్నా?"

"దీనికొక్కదానికే."

అది నిజమే. ఆ నిజానికి సాక్ష్యం మళ్లీ అతని మాటే. శివజ్యోతి అతని ముఖంలోకి చూసి, తాను నమ్ముతానని, తానొక్కతే నమ్మితే సరిపోదని మెల్లగా చెప్పి, పేజీకి అడ్డంగా గీత కొట్టింది. తర్వాతి పేజీకీ కొట్టింది. ఎనిమిది నెలల్లో కోసిన ఇరవై ఆరు గొర్రెలు. ప్రతిదాని ముఖమూ ఈరన్నకు గుర్తుంది. ఒక్క పిల్ల ఉసురు పోసుకున్నాననుకుని వచ్చినవాడు గీతలు చూస్తూ గోడకు ఆనుకున్నాడు.

"మళ్లీ అన్ని గొర్రెల్ని కోయాల్నా అమ్మా?"

"కోయాల. ఈసారి గుర్తు నేనే చూసుకుంటా" అంది శివజ్యోతి.